విమానం ముక్కను గుర్తించడం ఎలా?

విశాఖపట్నం సముద్రతీరాన ‘టీయూ-142’ విమానాన్ని చూశారా? మన నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసి, 2017లో విరమించి, అదే ఏడాది మ్యూజియంగా మారింది. పాత యుద్ధవిమానాల విడిభాగాలను సేకరించేవారు ఎన్నో దేశాలలో ఉన్నారు. ఒక రేకుముక్క విమానానిదో కాదో వారెలా తేలుస్తారు?

మొదట సాంద్రత చూడాలి. ముక్కను తూచి, నిండా నీరున్న పాత్రలో ముంచి, పొర్లిన నీటిని కొలవండి. ద్రవ్యరాశిని ఆ ఘనపరిమాణంతో భాగించండి. ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు వస్తే ఉక్కు. 2.8 వస్తే డ్యూరాలుమిన్ కావచ్చు. అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి కలిపిన ఈ మిశ్రమలోహం తేలికైనది, దృఢమైనది.

అయితే వంటగిన్నె అల్యూమినియం సాంద్రత కూడా 2.7! అందుచేత వరుసగా బిగించిన రివెట్లనూ, ముద్రించిన అంకెలనూ పరిశీలించాలి. ఆ అంకెలను తయారీదారుల జాబితాతో పోల్చితే ఏ విమానమో, అందులో ఏ భాగమో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక! రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల మీటర్లకు, చీకటిలో కనబడేందుకు రేడియం రంగు పూసేవారు. ఆ మెరుపు ఏనాడో ఆరిపోయి ఉండవచ్చు. కాని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అటువంటి మీటరును విప్పకండి, గీకకండి. పొలంలో గుర్తు తెలియని లోహపుగొట్టం కనిపిస్తే తాకకుండా పోలీసులకు తెలపండి.

ముందుగా ఇంట్లోని పాత చెంచాతో సాంద్రత కట్టి చూడండి. అది ఏ లోహం?