వేడి తగ్గితేనే మోత తగ్గేది

సూరత్ బతుకంతా గుడ్డ మీద, వజ్రం మీద నడుస్తుంది. ఈ రెండు పనుల్లోకీ కంప్యూటర్ వచ్చి చాలాకాలమైంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు డిజైన్లు తయారుచేసే గదుల్లో చీర అంచు, పల్లూ, బుటా అన్నీ ముందు తెర మీదే పుడుతున్నాయి. వరాఛా, కటార్‌గామ్ వైపు ముడిరాయిని స్కాన్ చేసి, ఏ వైపు నుంచి కోస్తే ఎక్కువ బరువు దక్కుతుందో లెక్కగట్టేది కూడా కంప్యూటరే. అలాంటి గదిలో బల్ల కింది సీపీయూ డబ్బా పొద్దుటి నుంచి రాత్రి దాకా హోరుమంటూనే ఉంటుంది. పెద్ద డిజైన్ తెరిస్తే హోరు పెరుగుతుంది, మూసేస్తే తగ్గుతుంది. అసలు సంగతి ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది. లెక్కలు చేసే సిలికాన్ చిప్పులో కదిలే భాగమంటూ ఏదీ లేదు. మనం వినే మోతలో ఎక్కువ భాగం ఆ చిప్పు పుట్టించిన వేడిని బయటికి తోసే పనిది. కాబట్టి చప్పుడు చేయని కంప్యూటర్ కావాలనుకునేవాళ్లు చెవికి తగిలే ఫ్యానుతో కాదు, దాని వెనకున్న వేడితో మొదలుపెట్టాలి. డెస్క్‌టాప్ పుట్టుపూర్వోత్తరాలు చూసినా, సూరత్ మగ్గాల కథ చూసినా తేలేది ఇదే.

మొదట్లో డెస్క్‌టాప్‌కు ఫ్యాను తప్పనిసరేమీ కాదు. 1977లో వచ్చిన ఆపిల్-2లో అది లేదు. ఫ్యాను చప్పుడంటే స్టీవ్ జాబ్స్‌కు గిట్టేది కాదు. రాడ్ హోల్ట్ అనే ఇంజినీరు, అప్పట్లో వాడుకలో ఉన్న బరువైన లీనియర్ పవర్ సప్లైని పక్కనబెట్టి, కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ పనిచేసే స్విచింగ్ పవర్ సప్లైని ఆ యంత్రం కోసం రూపొందించాడు. అది పాతదాని కన్నా చాలా తక్కువగా వేడెక్కేది. ఇవాళ మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అని అడిగి కొనే పెట్టె ఆ జాతిదే. అంటే అక్కడ ముందు వేడి తగ్గింది, ఆ తర్వాతే ఫ్యాను అక్కర్లేకపోయింది. 1980లో వచ్చిన ఆపిల్-3 ఈ వరుసను తలకిందులు చేసింది. లోపల సర్క్యూట్లు కిక్కిరిసి ఉన్నా ఫ్యాను మాత్రం వద్దనుకున్నారు. వేడికి చిప్పులు సాకెట్లలో కదిలిపోయాయి. తొలి విడత యంత్రాలను కంపెనీ మార్చి ఇవ్వాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఐబీఎం తన పీసీని పవర్ సప్లైలోనే ఫ్యాను పెట్టి అమ్మింది. అయితే అందులోని 8088 ప్రాసెసర్‌కు వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మె, అంటే హీట్‌సింక్ కూడా అవసరం పడలేదు, అది తాగే కరెంటు అంత తక్కువ.

అక్కడి నుంచి పాతికేళ్ల పాటు వేగంతో పాటే వేడీ పెరిగింది. 1993 నాటి తొలి పెంటియం దాదాపు 15 వాట్లు ఖర్చుపెట్టేది. ప్రాసెసర్ నెత్తిన హీట్‌సింకు, దాని మీద చిన్న ఫ్యాను అప్పటి నుంచే మామూలయ్యాయి. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం-4 గరిష్ఠంగా 115 వాట్లకు చేరింది. ఆ తరం డెస్క్‌టాప్‌ల రొద చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఈ దారిలో ఇక ముందుకు పోలేమని తయారీదారుకే అర్థమైంది. తర్వాత రావాల్సిన తేజస్ అనే చిప్పును ఇంటెల్ అదే ఏడాది రద్దుచేసుకుని, ఒకే కోర్‌ను పరుగెత్తించే బదులు రెండు కోర్లకు పని పంచే దారి పట్టింది. 2006లో వచ్చిన కోర్-2 డ్యుయో 65 వాట్లలోనే అంతకన్నా ఎక్కువ పని చేసి చూపింది. కొత్త ఫ్యాను ఏదీ చేయలేని మేలు ఆ చిప్పు చేసింది. 2020లో ఆపిల్ ఎమ్-1 చిప్పుతో మాక్‌బుక్ ఎయిర్ ఫ్యాను లేకుండానే వచ్చింది. మరోపక్క 2022 నాటి కోర్ ఐ9-13900కె పూర్తి వేగంలో 253 వాట్ల దాకా లాగుతుంది. చప్పుడు తక్కువా ఎక్కువా అనేది కాలంతో వచ్చే ప్రగతి కాదనీ, ఎన్ని వాట్లు ఖర్చుపెట్టాలన్న నిర్ణయంతో వచ్చే ఫలితమనీ ఈ అంకెలే చెబుతున్నాయి.

వాట్లు తగ్గిస్తే పని నెమ్మదిస్తుంది కదా అన్నది సహజంగా వచ్చే మొదటి ఆక్షేపణ. కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ పోయేదెంత, వచ్చేదెంత అన్నది చూడాలి. చిప్పు పనిచేస్తున్నప్పుడు ఖర్చయ్యే కరెంటు దాని ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, అంతకు మించి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీని పదో వంతు తగ్గిస్తే ఈ ఖర్చు 19 శాతం తగ్గుతుంది. దాంతో పాటు ఫ్రీక్వెన్సీని కూడా పదో వంతు తగ్గిస్తే 27 శాతం తగ్గుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసం చిప్పుకు వోల్టేజీ బాగా పెంచాలి. అందుకే ఆ చివరి మెట్టు అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా వేడైనది. ఇప్పటి చాలా మదర్‌బోర్డుల సెట్టింగుల తెర అయిన బయోస్‌లో ప్రాసెసర్ ఎన్ని వాట్లు దాటకూడదో మనమే నిర్ణయించుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

వేడిని అలా తగ్గించాక మిగిలినదాన్ని మోయడానికి గాలి కావాలి. ఫ్యాను సంగతి ఇక్కడ వస్తుంది. ఫ్యాను తోసే గాలి దాని వేగంతో సమానంగా పెరుగుతుంది, చప్పుడు మాత్రం దాదాపు వేగం అయిదో ఘాతంతో పెరుగుతుంది. వేగం సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు 15 డెసిబెళ్లు పడిపోతుంది. పది డెసిబెళ్లు తగ్గితేనే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. ఇంకో లెక్క చూద్దాం. నిమిషానికి 2,500 చుట్లు తిరిగే 80 మిల్లీమీటర్ల ఫ్యానును, అన్ని కొలతల్లోనూ అదే నిష్పత్తిలో పెంచి 120 మిల్లీమీటర్లు చేస్తే, అంతే గాలికి 740 చుట్లు సరిపోతాయి. చప్పుడు సుమారు 14 డెసిబెళ్లు తగ్గుతుంది. చప్పుడు ఎంతన్నదే కాదు, ఎలాంటిదన్నదీ ముఖ్యమే. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే సెకనుకు 140 సార్లు ఏదో ఒక రెక్క గ్రిల్ ముందు నుంచి పోతుంది. అదే స్వరం గదిలో పలుకుతుంది. పక్కనే ఇంకో ఫ్యాను 1,230 చుట్లు తిరుగుతుంటే రెండు స్వరాలూ కలిసి సెకనుకు మూడు నాలుగుసార్లు ఉబుకుతూ తగ్గుతూ ఊగుతాయి. స్థిరమైన హోరును మరిచిపోగలం గానీ ఆ ఊగడాన్ని మరిచిపోలేం. రెండు ఫ్యాన్ల వేగాల మధ్య తేడా పెంచడం, ఫ్యానుకు ఆనుకుని ఉన్న రేకు గ్రిల్‌ను కోసి పలచటి తీగ గ్రిల్ పెట్టడం, నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కును రబ్బరు మీద కూర్చోబెట్టడమో, తీసేసి తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ పెట్టడమో – నిశ్శబ్దం కోసం డబ్బాలు విప్పేవాళ్లు చేసే మార్పుల్లో ముఖ్యమైనవి ఇవే.

మోతను పుట్టినచోటే ఆపాలనడానికి సూరత్‌లో కంప్యూటర్ కన్నా పెద్ద సాక్ష్యం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు మరమగ్గం మోత గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. సిరిసిల్లలో సాంచె అని పిలిచే ఆ మగ్గంలో అడ్డంగా పోయే పేక దారాన్ని మోసే నాడెను ఒక పక్క నుంచి కర్రతో కొట్టాలి, రెండో పక్క ఆపాలి, మళ్లీ అటు నుంచి కొట్టాలి. నిమిషానికి వందకు పైగా సార్లు ఇదే పని. కండెతో కలిపి నాడె వందల గ్రాముల బరువుంటుంది. ఒక్కో విసురుకు అది వదిలే పేక దారం గ్రాములో చిన్న వంతే ఉంటుంది. అంటే శక్తి అంతా దారాన్ని దాటించడానికి కాక నాడెను విసరడానికీ ఆపడానికీ పోతోంది. ఆ వృథాయే మోతగా వినపడుతోంది. చెవుల్లో దూది పెట్టుకున్నా, షెడ్డుకు గోడలు లేపినా ఆ దెబ్బ ఆగలేదు. 1950ల్లో చెకోస్లొవాకియాలో వ్లాదిమిర్ స్వాతీ రూపొందించిన మగ్గం నాడెనే తీసేసి, పేకను నీటిధారతో అవతలికి పంపింది. ఇవాళ సూరత్ పాలిస్టర్ నేతలో వాటర్‌జెట్ మగ్గాలదే పెద్దపీట. పేకను గుడ్డలోకి బిగించే పన్నె కొట్టుడు ఉంది కాబట్టి వాటర్‌జెట్ షెడ్డు కూడా ప్రశాంతంగా ఉండదు. కానీ నాడె దెబ్బ పోయింది, పైగా నేత వేగం పెరిగింది. వృథా తగ్గితే పనీ బాగుపడుతుందన్నది అక్కడ రుజువైంది.

చల్లటి దేశాల్లో చెల్లే ఈ మాటలు ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో చెల్లవనేది రెండో ఆక్షేపణ. లెక్క చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట క్యాబినెట్ లోపలి గాలి 45 డిగ్రీలుందనుకుందాం. నిదానంగా తిరిగే ఫ్యానుతో హీట్‌సింకు ఒక్కో వాట్‌కు 0.3 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందనుకుందాం. 65 వాట్ల ప్రాసెసర్ 65 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వంద డిగ్రీల దాకా తట్టుకునే చిప్పుకు అది చాలా భద్రమైన చోటు. 253 వాట్ల చిప్పు మాత్రం 120 దాటాలి. అంతదూరం పోనివ్వకుండా అదే తన వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం ఆ ఎండలో ఎలాగూ అందదు. వేడి ఊరు కాబట్టి ఎక్కువ మోతను భరించాలన్నది తప్పు. వేడి ఊరు కాబట్టే తక్కువ వాట్ల యంత్రం కావాలి.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇక్కడి నూగు. మగ్గాలూ బట్టల గోదాములూ ఉన్నచోట గాలిలో సన్నటి పోగులు తిరుగుతూనే ఉంటాయి. కొన్నాళ్లు నడిచిన డబ్బా మూత తీసి, ప్రాసెసర్ ఫ్యానును విప్పి చూస్తే, హీట్‌సింకు రేకుల మీద ఫ్యాను ఆనుకునే వైపున బూడిదరంగు పొర అట్టకట్టి కనిపిస్తుంది. గోటితో అంచు పట్టి లాగితే మెత్తటి గుడ్డముక్కలా మొత్తం ఒక్కసారే ఊడి వస్తుంది. దాని వెనక రేకులు శుభ్రంగా మెరుస్తుంటాయి, వాటి మధ్యకు గాలి మాత్రం పోదు. నిదానంగా తిరిగే ఫ్యానుకు తోపు తక్కువ. పైన చెప్పిన 740 చుట్ల ఫ్యాను గాలి అంతే ఇచ్చినా, ఒత్తిడి అయిదో వంతే ఇస్తుంది. అడ్డుగా ఫిల్టర్ పెడితే నీరసపడుతుంది. కాబట్టి ఈ ఊళ్లో నిశ్శబ్దం కోరేవాళ్లు ఫిల్టర్‌ను ఫ్యానంత కాక క్యాబినెట్ ముఖమంత పెట్టాలి. జాగా రెట్టింపైతే దానిలోంచి పోయే గాలి వేగం సగమవుతుంది, అడ్డంకీ తగ్గుతుంది. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి పంపేవాటి కన్నా ఎక్కువ తోస్తే సందుల్లోంచి నూగు దూరదు. ఆ ఫిల్టర్‌ను క్రమం తప్పకుండా దులపాలి. ఈ శ్రమ తప్పదు. అయితే ఈ శ్రమ చేయకపోతే వేగంగా తిరిగే ఫ్యాను కూడా గాలికి బదులు మోతే ఇస్తుంది.

మగ్గాల ఊళ్లో కంప్యూటర్ ఫ్యాను ఎవరికి వినిపిస్తుందని అడిగేవాళ్లూ ఉంటారు. మగ్గాలు నడిచే షెడ్డులో వినిపించదు, ఒప్పుకోవాల్సిందే. కానీ డిజైన్ గీసే కంప్యూటర్ ఉండేది షెడ్డులో కాదు, అద్దాల తలుపు వెనక, లేదంటే ఇంట్లో. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది దాటాక పరిమితి 45 డెసిబెళ్లు. వేడెక్కిన డెస్క్‌టాప్ ఒక్కటే ఆ అంకె దగ్గరికి పోగలదు. జాగ్రత్తగా కూర్చినదైతే మీటరు దూరంలో 20, 25 డెసిబెళ్లకు దిగుతుంది. పైగా లెక్క చెవి దగ్గర ఆగదు. 60 వాట్లు మిగిలితే, రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజుల పనికి 180 యూనిట్ల కరెంటు మిగిలినట్టే. బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పది డిగ్రీలు చల్లగా ఉంటే దాదాపు రెట్టింపు కాలం మన్నుతాయన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. రిపేరు ఖర్చులోనూ అది తేలుతుంది.

వాటర్ కూలింగ్ పెడితే సరిపోదా అంటే, నీరు వేడిని చిప్పు దగ్గర నుంచి రేడియేటర్ దాకా మోస్తుంది, అక్కడ మళ్లీ ఫ్యాన్లే కావాలి. పంపు చప్పుడు అదనం. వజ్రం గురించి కూడా ఇదే చెప్పాలి. రాగి కన్నా దాదాపు అయిదు రెట్లు బాగా వేడిని ప్రసరింపజేసే వజ్రాన్ని చిప్పుల కింద పరిచే ప్రయత్నాలు ప్రపంచంలో సాగుతున్నాయి. ప్రయోగశాల వజ్రాల తయారీకి సూరత్ పెద్ద కేంద్రం కాబట్టి ఈ ఊరికి అందులో వ్యాపారం ఉండొచ్చు. కానీ వజ్రం వేడిని త్వరగా పరుస్తుందే తప్ప మాయం చేయదు. 200 వాట్లు పుడితే ఆ 200 వాట్లూ చివరికి గదిలోని గాలిలోకే రావాలి.

కాబట్టి డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలి. ముందు పనికి సరిపడే ప్రాసెసర్, దానికి బయోస్‌లో వాట్ల హద్దు. తర్వాత వెడల్పైన హీట్‌సింకు, పెద్ద ఫ్యాను, పెద్ద ఫిల్టర్, ఎస్‌ఎస్‌డీ. క్యాబినెట్ గోడలకు ఫోమ్ అంటించడం అన్నిటికన్నా చివర. అది చప్పుడుతో పాటు గాలిదారినీ మూస్తే ఫ్యాను ఇంకా గట్టిగా అరుస్తుంది. కొత్త కంప్యూటర్ కూర్పించుకునేటప్పుడు ఎన్ని గిగాహెర్ట్జ్ అని దుకాణదారుడిని అందరూ అడుగుతారు. పూర్తి వేగంలో ఎన్ని వాట్లు తింటుందని కూడా అడగండి. ఆ కంప్యూటర్ ఎంత మోత పెడుతుందో చాలావరకు ఆ అంకెలోనే తెలుస్తుంది.