రువెంజోరి చిత్తడిలో కాలెందుకు దిగబడుతుంది?

ఉగాండా, కాంగో సరిహద్దులో, భూమధ్యరేఖకు ఆనుకుని రువెంజోరి పర్వతాలున్నాయి. ఆఫ్రికాలో మూడో ఎత్తైన శిఖరం మార్గెరీటా (5,109 మీటర్లు) అక్కడిదే. ఇటలీ రాజకుటుంబానికి చెందిన అబ్రూజీ డ్యూక్ 1906లో దాన్ని తొలిసారి ఎక్కాడు. అయితే శిఖరం కంటే ముందే నడిచేవారిని ముప్పుతిప్పలు పెట్టేది బుజుకు నది లోయలోని బిగో చిత్తడి. మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు లేనిదే అక్కడ అడుగు వేయలేం.

అంత ఎత్తున నీరెలా నిలిచింది? ఒకప్పటి హిమానీనదాలు లోయ అడుగును వెడల్పుగా, చదునుగా తొలిచాయి. వానలు దాదాపు ఏడాదంతా పడతాయి. చలికి నీరు త్వరగా ఆవిరికాదు. నీట మునిగిన నేలకు ఆక్సిజన్ అందదు కాబట్టి చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు, పొరలుపొరలుగా పేరుకుపోతాయి. ఆ పేరుకున్నదే పీట్. నానిన పీట్ బరువులో సుమారు 90 శాతం నీరే. ఇక కాలు దిగబడక ఏం చేస్తుంది?

ఆ బురద మధ్య కారెక్స్ అనే తుంగజాతి గడ్డి, తన ఎండుటాకులూ వేళ్ల మీదే పెరుగుతూ, దుబ్బులు దుబ్బులుగా లేస్తుంది. దుబ్బు మీంచి దుబ్బు మీదికి దాటుతుంటే అవి ఊగుతాయి. పక్కనే మనిషిని మించి పెరిగే లోబీలియా మొక్కలు. రాత్రి నీరు గడ్డకట్టే చలిలో ఇవి బతికే తీరు అద్భుతం. తెల్లవారుజామున, గిన్నెలా అమరి నీటిని పట్టి ఉంచే వాటి ఆకుల నడుమ వేలు పెట్టి చూడండి: పైన పలుచని మంచు పలక, దాని కింద నీళ్లు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుంది. అందువల్ల కింది నీరు గడ్డకట్టదు, అందులో మునిగిన లేత మొగ్గ చెడదు.

బిగోలో ఇప్పుడు చాలా మేర చెక్కబాట వేశారు. అది మన కాళ్లకన్నా చిత్తడికే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. తొక్కిడికి దుబ్బులు చితికి, నీరు జారిపోతే పీట్‌కు గాలి తగులుతుంది. దాచుకున్న కర్బనం మళ్లీ గాలిలో కలుస్తుంది. భూభాగంలో 3 శాతమే ఉన్న పీట్ నేలలు ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికన్నా ఎక్కువ కర్బనాన్ని పట్టి ఉంచాయి. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకున్నా, అర మీటరు పీట్‌కు 500 ఏళ్లు పడుతుంది. అందుకే చెక్కలు లేనిచోట బురదను తప్పించుకోవడానికి పక్కనుంచి చుట్టుతిరిగి కొత్త బాట వేయకూడదు. పాత బాటలోనే, బూటు మునిగినా సరే, నేరుగా నడవాలి.