ఆకలి రోజుల్లో లేచిన చర్చి

డిసెంబరు మొదటి వారానికే హైటెక్ సిటీ మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు వెలుస్తాయి. ఆఫీసుల్లో సీక్రెట్ సాంటా చీటీలు తీస్తారు, ఫోన్లలో ఆఫర్లు వెతుకుతారు, సెమీ క్రిస్మస్ కేకు కోస్తారు. ఆ సందడి నాకూ ఇష్టమే. అయితే మాది మెదక్ పక్క పల్లె. మా ఇళ్లలో క్రిస్మస్ మాటొస్తే ముందు మెదక్ చర్చి కట్టిన కథే చెబుతారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి సంగతి. ఆ ప్రాంతమంతా కరువు, దానికి తోడు రోగాలు. జనం గంజికి మొహం వాచిన కాలం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ చర్చి పని పెట్టించి, పనికొచ్చిన వాళ్లకు తిండి పెట్టాడు. ఒకరి ముందు చెయ్యి చాచకుండా, కష్టం చేసి తిన్నారు మా పెద్దలు. పదేళ్లు సాగిన ఆ పని ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. క్రీస్తు పుట్టుకను చూపే రంగుటద్దాల కిటికీ ఒకటుంది. బయటి వెలుతురు పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, పొద్దుగూకితే నల్లబడిపోతాయి. దాని కింద నన్ను నిలబెట్టి మా నాయనమ్మ, "మనోళ్ల కడుపు నింపిన గుడి బిడ్డా ఇది" అనేది.

ఆ కిటికీలోని పుట్టుక కథ కోసం లూకా సువార్త చూడండి. జనాభా లెక్కల కోసం మరియ, యోసేపు ఊరుగాని ఊరు వెళ్లారు. బస దొరక్క బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఆ కబురు ముందుగా చేరింది రాత్రంతా మందకు కాపలా ఉన్న గొర్రెల కాపరులకు. నైట్ డ్యూటీ వాళ్లకన్నమాట! గచ్చిబౌలి, రాయదుర్గం టవర్ల గేట్ల దగ్గర అలాంటి మనుషులు ఎందరో.

పోయినేడు క్యారల్స్ బృందంతో కోకాపేట వైపు కూలీల రేకుల షెడ్లకు వెళ్లాను. ఒక షెడ్డుకు వెదురు పుల్లల నక్షత్రం వేలాడుతోంది. చుట్టూ పాత చీర ముక్కలు అతికించారు, లోపల చార్జింగ్ బల్బు. ఒడిశా కుటుంబం. మేం తెలుగులో 'సైలెంట్ నైట్' ఎత్తుకోగానే వాళ్లు ఒడియాలో గొంతు కలిపారు. 1818లో ఆస్ట్రియా పల్లె చర్చిలో ఒక్క గిటారు తోడుగా మొదలైన పాట అది. ఆ ఇల్లాలు ఇటుకల పొయ్యి మీద డికాషన్ టీ కాచి, ఉన్న నాలుగు గ్లాసులే కడిగి కడిగి అందరికీ ఇచ్చింది. మేం పట్టుకెళ్లిన దుప్పట్ల కంటే ఆ టీలోనే నాకు పండుగ కనిపించింది.

ఈసారి మా టీమ్ సీక్రెట్ సాంటా డబ్బంతా ఒకచోట వేశాం. బగారా అన్నం, కోడికూర వండించి సెక్యూరిటీ అన్నలతో, హౌస్‌కీపింగ్ అక్కలతో కలిసి తింటాం. ప్యాకెట్లు చేతిలో పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోవడం వద్దనుకున్నాం. గేటు ఖాళీగా ఉండకూడదు కాబట్టి షిఫ్టు మారే వేళ చూసుకుని రెండు బంతులు వేస్తున్నాం. మొదటి బంతికి వడ్డన మాది, రెండో బంతిలో వాళ్ల పక్కనే మేమూ కూర్చుంటాం.