శాస్త్రకల్పనా సాహిత్యము - స్త్రీల స్వాధీనము

ఆంగ్లభాషలో 'గీక్' అను మాట యొకటి కలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికాయందు ఊరూర తిరుగు వినోదప్రదర్శనలలో బ్రతికియున్న కోడి తలను పండ్లతో కొరికి జనులను వెరగుపరచు దీనుని ఆ పేర పిలిచెడివారు. క్రమముగా ఆ మాట వేషము మార్చుకొని బడిలో ప్రవేశించెను. ఆటలు మాని, అలంకారములు మరచి, యంత్రములనో గణితమునో గ్రహాంతరకథలనో పట్టుకొని వ్రేలాడు బాలుని తోడివారు ఆ మాటతోనే యెగతాళి చేయజొచ్చిరి. మనవారు 'పుస్తకాల పురుగు' అనుటలో కొంత వాత్సల్యమైన నున్నది. ఇందు అదియును లేదు. కంప్యూటర్లు లోకవ్యవహారమును వశపరచుకొన్న పిమ్మట, ఎగతాళికి గురియైన ఆ బాలురే ధనికులైరి. తిట్టు బిరుదమయ్యెను.

తిట్టును బిరుదముగా ధరించుట క్రొత్తగాదు. 1906లో లండనునందలి డెయిలీ మెయిల్ పత్రిక, వోటుహక్కు కోరు స్త్రీలను వెక్కిరించుటకు 'సఫ్రజెట్' అను మాటను కల్పింపగా, ఆ స్త్రీలే దానిని గైకొని 1912లో తమ పత్రికకు పేరుగా నుంచుకొనిరి. అట్లే మన కాలమున స్త్రీలు పలువురు 'మేమును గీకులమే, శాస్త్రకల్పనలు మాకును ప్రాణమే' యని బాహాటముగా చెప్పుకొనుచున్నారు. చెప్పుకొనుటతో చిక్కు వచ్చినది. 2012 ప్రాంతమున అమెరికాలో కొందరు పురుషులు, ఈ స్త్రీలు నిజమైన అభిమానులు కారనియు, మగవారి దృష్టి నాకర్షించుటకై నటించువారనియు ఆక్షేపింప మొదలిడిరి. సభాద్వారమున నిలువబెట్టి 'ఈ కథానాయకుని నౌక పేరేమి? ఆ గ్రంథము యేయేట వెలువడినది?' అని ప్రశ్నించుటయు నారంభమైనది. మగవానినెవ్వరును అట్లు ప్రశ్నింపలేదు.

ఈ పరీక్షాధికారము వీరికెవ్వరిచ్చిరి? పొలము తగవు న్యాయస్థానమునకెక్కినప్పుడు మొదట చూడవలసినవి దస్తావేజులు. పిదప సాగు చేసినదెవరు, పట్టా యెవరి పేర నున్నది యని విచారింపవలెను. పాఠకులలో భూవసతి గలవారికి మేమీ సంగతి విన్నవింప నక్కరలేదు. శాస్త్రకల్పనయను ఈ భూమి దస్తావేజులను తిరుగవేసి చూచినచో మొదటి కాగితముననే స్త్రీహస్తము కానవచ్చును.

1815లో ఇప్పటి ఇండొనేషియాయందలి తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ ధూళి ఆకసమున వ్యాపించుటచే మరుసటి సంవత్సరము ఐరోపాలో వేసవి రాలేదు. జెనీవా సరస్సు తీరమున విడిసియున్న బైరన్ కవియు, ఆయన మిత్రులును ఎడతెగని వానలచే ఇల్లు కదలలేక, తలకొక దయ్యపుకథ వ్రాయుదమని పందెము వేసికొనిరి. వారిలో పదునెనిమిదేండ్ల మేరీ యొకతె. కవులిరువురును తమ కథలను సగములో విడిచిరి. ఆమె వ్రాసినదే 'ఫ్రాంకెన్‌స్టైన్'. అందు మృతకళేబరముల ఖండములను గూర్చి ప్రాణము పోయువాడు మాంత్రికుడు గాడు, రసాయనమును శరీరశాస్త్రమును అభ్యసించిన విద్యార్థి. భేదమంతయు ఇక్కడనే యున్నది. పూర్వకథలలో వరములును శాపములును చేయు పనిని ఈ కథలో ప్రయోగశాల చేసినది. 1818లో 500 ప్రతులతో అచ్చైన ఆ గ్రంథమునకు కర్తృనామము లేదు. భర్తయగు షెల్లీ కవి పీఠిక వ్రాసియుండుటచే, గ్రంథమును ఆయనదే కాబోలునని చాలమంది భావించిరి. సాగు ఒకరిది, పేరు వేరొకరిది యగుట ఈ క్షేత్రమున ఆదినుండియు నున్న యాచారమే.

రెండవ దస్తావేజు మన దేశమునది. మనకు మిక్కిలి చేరువైనది. 1905లో చెన్నపట్టణమునుండి వెలువడుచుండిన 'ఇండియన్ లేడీస్ మాగజైన్' అను ఆంగ్లపత్రికలో 'సుల్తానా స్వప్నము' అను కథ యొకటి ప్రకటింపబడెను. పత్రికాసంపాదకురాలు కమలా సత్తియనాథన్. కథ వ్రాసినది వంగదేశీయురాలగు రొకేయా సఖావత్ హుసేన్. తెలుగు జిల్లాలకును నాడు రాజధానియైన పట్టణముననే ఈ కథ తొలిసారి వెలుగు చూచినదన్నమాట మనలో నెందరికి తెలియునో!

రొకేయా 1880లో రంగపురము జిల్లాలోని పైరాబంద్ గ్రామమున జమీందారీ కుటుంబమున జన్మించెను. ఆ యింట ఆడపిల్లలకు ఘోషా అతికఠినము. వారికి ఆంగ్లము నిషిద్ధము. రాత్రి యింటివారు నిద్రించిన పిమ్మట అన్నగారు క్రొవ్వొత్తి వెలుతురున ఆమెకు రహస్యముగా పాఠము చెప్పెడివాడు. భర్త భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన సర్కీటు పోయిన దినములలో ప్రొద్దుపోక యీ కథ వ్రాసెను. ఆయన తిరిగివచ్చి, నిలువుకాళ్లపైననే కడవరకు చదివి, ఇది ఘోరమైన ప్రతీకారమని యనెనట!

ప్రతీకారమేమనగా, ఆ స్వప్నదేశమున ఘోషాలో నుండువారు పురుషులు. వీధులలో, విశ్వవిద్యాలయములలో, రాజ్యాంగమున నున్నవారు స్త్రీలు. ఇంతమాత్రమే యైనచో హాస్యప్రబంధమనవచ్చును. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు అంతకు ముందే 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో స్త్రీలు పురుషులనేలు దేశమును వర్ణించి, మన యాచారములను అద్దములో తలక్రిందులుగా చూపి యుండిరి. అయితే పంతులుగారి అద్దము మగవారు సిగ్గుపడుటకు. రొకేయా కథలో స్త్రీలకు అధికారమెట్లు వచ్చినదో అదియే ప్రధానము. అది విజ్ఞానమువలన వచ్చినది. అక్కడి రాణి బాలికలందరికి విద్య నిర్బంధము చేసి, ఇరువదియొక్క యేండ్లు నిండనిది వివాహము కూడదని శాసించెను. రెండు స్త్రీవిద్యాలయములు వెలసినవి. ఒకదానివారు మేఘమండలమునకు బెలూను పంపి గొట్టముల ద్వారమున నీరు దింపుకొను నుపాయము కనిపెట్టిరి. రెండవవారు సూర్యుని వేడిని కూడబెట్టు యంత్రము నిర్మించిరి. పురుషులప్పుడు సైన్యమును పెంచుకొనుచు, ఇవి యన్నియు ఆడువారి పీడకలలని నవ్విరి. శత్రువు దండెత్తి వచ్చి, ఆ సైన్యమోడిపోగా, విద్యాలయాధ్యక్షురాలు రెండువేల విద్యార్థినులతో బయలుదేరి, కూడబెట్టిన యెండను శత్రువుపైకి త్రిప్పెను. యుద్ధము ముగిసినది. బయలుదేరుటకు ముందు, తమ మానరక్షణకై పురుషులు లోపలి గదులలోనికి పోవలెనని కోరియుండిరి. పోయినవారు మరల వెలుపలికి రాలేదు. అటు పిమ్మట ఆ దేశమున వంట యెండతోనే, పొగలేదు, బొగ్గులేదు. ప్రయాణము విద్యుచ్ఛక్తిచే రెక్కలాడు గాలిబండ్లలో. కచేరీపని దినమునకు రెండు గంటలే. మగవారు చుట్ట కాల్చుటలో పోగొట్టు కాలము తీసివేసినచో అంతకన్న పట్టదని సమాధానము!

భారతదేశమున విమానమెగిరినది 1910లో. ఆ కథ దానికి ఐదేండ్లు ముందటిది. నేడు పొలమున మోటారు నడుపుటకు సూర్యఫలకములు పెట్టించుకొను రైతు, ఆ యూహను మన దేశమున ఘోషాలోని యొక యువతి అప్పుడే కథగా అల్లినదని యెరిగిన ఆశ్చర్యపడకుండునా?

కట్టుకథలు చదివినచో బాలికలు పనికిమాలినవారగుదురని శంకించు పెద్దలు మనలో నిప్పటికిని లేకపోలేదు. వారు రొకేయా తరువాతి జీవితమును చూడవలెను. 1909లో భర్త గతించెను. ఆమె భాగల్పూరులో బాలికల పాఠశాల పెట్టి, కుటుంబకలహములచే అచట నిలువలేక, 1911లో కలకత్తాలో 8 మంది పిల్లలతో దానిని తిరిగి తెరచెను. ఇంటింటికి పోయి ఆడపిల్లలను బడికి పంపుడని బ్రతిమాలెను. పిల్లలకై మోటారుబండి చేయింపగా, ఘోషాకు భంగము రాకుండునట్లు దానిని నాలుగుప్రక్కల మూసిరి. లోపల చీకటికిని ఉక్కకును పిల్లలు మూర్ఛపోయిరి. కిటికీలు తెరచి తెరలు కట్టింపగా, గాలికి తెరలు లేచుచున్నవని బెదరింపు ఉత్తరములు వచ్చినవి. 1931లో 'అవరోధవాసిని' అను పుస్తకమున ఆమెయే యీ సంగతి వ్రాసినది. రెక్కల గాలిబండిని ఊహించిన స్త్రీకి కలకత్తా వీధిలో కిటికీగల బండి నడుపుట యింత కష్టమైనది. అయినను బడి నిలచినది, ఇప్పటికిని నడచుచున్నది. 1930లో ఆమె నిజముగనే విమానమెక్కి, ఇరువదియైదేండ్ల నాటి తన కథను తలచుకొనెను.

ఇక అమెరికా సంగతి. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అను పత్రిక స్థాపించి, ఈ కథలకే ప్రత్యేకమైన పత్రికాయుగమును ప్రారంభించెను. ఆయన పెట్టిన పోటీలో మూడవ బహుమతి క్లేర్ వింగర్ హారిస్ అను గృహిణికి వచ్చెను. 1927లో ఆ కథ ప్రకటించుచు సంపాదకుడు, స్త్రీలకు శాస్త్రవిషయములలో శిక్షణ తక్కువ గనుక సాధారణముగా వారు ఇట్టివి చక్కగా వ్రాయజాలరనియు, ఈమె యందులకు అపవాదమనియు వ్రాసెను. ప్రశంసలో కలిసిన ఈ చేదు నేటికిని పూర్తిగా పోలేదు. 1969లో ఉర్సులా లెగ్విన్ కథ నొకదానిని ప్రకటించిన పేరుమోసిన పురుషుల పత్రిక, పాఠకులు బెదరుదురని పొడి యక్షరములతో 'యు. కె. లెగ్విన్' అని వేయుట కామెను ఒప్పించినది. మరుసటి యేడే ఆమె ఉత్తమనవలకు హ్యూగో బహుమతి నందిన మొదటి స్త్రీ యయ్యెను. ఆ బహుమతి పేరు పైజెప్పిన గెర్న్స్‌బాక్ గారిదే.

బినామీ పట్టాలలో విచిత్రమైనది ఆలిస్ షెల్డన్ ది. ప్రపంచయుద్ధమున ఛాయాచిత్రములను పరిశీలించు సైనికోద్యోగిని, పిమ్మట గూఢచారశాఖలో నుద్యోగిని, తరువాత మనశ్శాస్త్రమున డాక్టరు. 1968 నుండి 'జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్' అను పేర కథలు వ్రాసెను. టిప్‌ట్రీ యన్నది మార్మలేడు సీసాపై చూచిన పేరు. మిత్రులకు ఉత్తరములే గాని ముఖము తెలియదు. 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అను ప్రసిద్ధ రచయిత, టిప్‌ట్రీ స్త్రీ యనుట హాస్యాస్పదమనియు, ఆ రచనలో పురుషత్వము తప్పక కనిపించుచున్నదనియు పీఠిక వ్రాసెను! 1976లో షెల్డన్ తల్లి మరణింపగా, పత్రికలోని మరణవార్తను బట్టి గుట్టు బయలుపడినది. సిల్వర్‌బర్గ్ తన పొరపాటును పెద్దమనిషి తరహాలో ఒప్పుకొనెను. పరీక్షాధికారులకు ఇంతకన్న మంచి పరీక్ష మరియొకటి యుండబోదు.

వ్రాసినవారి సంగతి యిది. చదివినవారు, చూచినవారు ఏమి చేసిరి? 1966లో అమెరికా టెలివిజనులో 'స్టార్ ట్రెక్' ధారావాహిక ప్రారంభమైనది. రెండవ యేడు ముగియకముందే దానిని నిలిపివేయుదురను వదంతి పుట్టగా, బ్జో ట్రింబుల్ అను స్త్రీ భర్తతో గూడి, ఎవరికి వ్రాయవలెనో, ఎట్లు వ్రాయవలెనో తెలుపు సూచనలను దేశమంతటికి పంపి ఉత్తరముల యుద్యమము నడిపెను. మూడవ సంవత్సరము దక్కినది. 1967లో వెలువడిన మొదటి అభిమానపత్రికకు సంపాదకులిరువురును స్త్రీలే. కథలు తామే వ్రాసి, టైపుకొట్టి, ప్రతులు తీసి, కుట్టి, తపాలాబిళ్లలంటించి పంపినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు: గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, గ్రంథాలయోద్యోగినులు. 1972లో న్యూయార్కున సభ జరిపిన సంఘమునందును వారు ముఖ్యులు. కొన్ని వందలమంది వత్తురని యెంచగా వేలమంది వచ్చిరి. ఏ సభల ద్వారములకడ స్త్రీని నిలిపి పరీక్షించిరో, ఆ సభలకు పునాది తీసినవారిలో స్త్రీలుండిరన్నమాట.

ఆ ధారావాహికలో నౌకాధికారిణి ఉహూరా పాత్ర ధరించినది నిషెల్ నికోల్స్ అను నల్లజాతి నటి. మొదటి యేడు ముగియగనే మానుకొనదలచిన తన్ను మార్టిన్ లూథర్ కింగు వారించెనని ఆమె చెప్పుకొన్నది. 1977లో ఆమె నాసావారి పక్షమున, స్త్రీలును నల్లవారును వ్యోమగాములగుటకు దరఖాస్తు చేయుడని దేశమంతట ప్రచారము చేసెను. మరుసటి యేడు ఎన్నికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలుండిరి. షికాగోలో ఉహూరాను చూచుచు పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షమునకు పోయిన మొదటి నల్లజాతి స్త్రీ. నౌకలో తన వంతు పనిని ఉహూరా పలుకుతోనే మొదలిడెడిదట.

మరియొక పేరు మిగిలియున్నది. ఆక్టేవియా బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాయందు జన్మించెను. తల్లి తెల్లవారి యిండ్లలో దాసీపని చేయుచు, వారు పారవేసిన పుస్తకములను బిడ్డకై తెచ్చెడిది. సిగ్గరి, నలుగురిలో నోరు మెదపని పిల్ల. బాల్యమున అంగారకగ్రహపు స్త్రీని గూర్చిన నాసిరకపు చలనచిత్రమొకటి చూచి, 'ఇంతకన్న మంచికథ నేనే వ్రాయగల'నని కలము పట్టెను. 1995లో మాకార్థర్ గౌరవవేతనము నందెను. శాస్త్రకల్పనారచయితలలో ఆ గౌరవము పొందినవారిలో ప్రథమురాలామెయే. 2006లో గతించెను. 2021 ఫిబ్రవరిలో పెర్సెవరెన్స్ అను యంత్రరథము అంగారకునిపై దిగినప్పుడు, నాసావారు దిగిన చోటికి ఆమె పేరిడిరి. ఆ రథమును నిర్మించిన ప్రయోగశాల పాసడీనా పొలిమేరలోనిదే; తల్లి ఊడ్చిన యిండ్లకు అది దూరము గాదు.