దసరాకి పూలు కోయాలంటే బంతి నారు ఎప్పుడు పోయాలి?



బంతి సాగులో లాభమైనా నష్టమైనా తేదీని బట్టే ఉంటుంది. పండగ ముందు రోజు మంచి రేటు పలికిన పువ్వునే పండగ వెళ్ళాక అడిగేవాళ్ళు ఉండరు. అందుకే కోత తేదీ ముందు అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని నారు పోయాలి.

2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అక్టోబర్ 20కి జరిగింది. పోయినేడు పోసిన తేదీకే ఈసారీ నారు పోస్తే పూలు 18 రోజులు ముందే వచ్చేస్తాయి. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 10న కాబట్టి ఆ రోజుకి మొదటి కోత అందాలి. నారుకి 25 రోజులు, నాటాక పూత కోతకి రావడానికి 55-60 రోజులు వేసుకుంటే జులై 18-20 మధ్య విత్తనం పడాలి. దీపావళి నవంబర్ 8న ఉంది. దానికోసం కొంత నారు ఇంకో 15-20 రోజులు ఆగి పోసుకోండి.

జులై అంటే వానలు. బయట మడిలో పోస్తే తేలికైన బంతి విత్తనం వాన నీటికి కొట్టుకుపోతుంది, మొలిచిన నారుకి కుళ్ళు తెగులు పడుతుంది. షేడ్‌నెట్ ఒక్కటే వానని ఆపదు, పైన పాలిథిన్ కవర్ కూడా కట్టాలి. పందిరి లేనివాళ్ళు ఇంటి వసారాలో పెట్టుకున్నా సరే, వెలుతురు మాత్రం బాగా ఉండాలి.

నారు పెంచే పద్ధతి వీడియోలో చూడండి. ముఖ్యమైనవి ఇవి:

• 98 గుంతల ప్రోట్రేలలో కోకోపీట్, బాగా చివికిన వర్మీకంపోస్టు కలిపి నింపండి. అందులో ట్రైకోడెర్మా కలిపితే నారుకుళ్ళుకి అడ్డుకట్ట పడుతుంది.

• సొంత విత్తనమైతే బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టండి. గుంతకో గింజ వేసి పైన పల్చగా కప్పండి.

• ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి కవర్ కప్పితే 3-4 రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. కనిపించిన రోజే ట్రేలు విడదీయండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు తెల్లగా సాగిపోయి, నాటాక ఒరిగిపోతాయి.

• నీళ్ళు పొద్దున పూటే ఇవ్వండి. నాలుగు ఆకులు వచ్చాక వడపోసిన జీవామృతం లీటరుకి 10 లీటర్ల నీళ్ళు కలిపి పోయండి.

• నాటడానికి 4-5 రోజుల ముందు నీళ్ళు తగ్గించి, వాన లేనప్పుడు ఎండకి అలవాటు చేయండి.

2 అడుగులు × ఒకటిన్నర అడుగు దూరంలో నాటితే ఎకరాకి సుమారు 14,500 మొక్కలు పడతాయి. పోయినవి పోగా సరిపోవాలంటే 165 ట్రేలు పెట్టుకోండి. నాటిన 20-25 రోజులకి తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆలస్యంగా తుంచకండి, పూత పండగ దాటిపోతుంది.

టమాటా వేసేవాళ్ళకి ఇంకో మాట. శనగపచ్చ పురుగుకి బంతి ఎర పంట. 16 సాళ్ళ టమాటాకి ఒక సాలు బంతి చాలు. టమాటా నారు 25 రోజులదైతే బంతి నారు 40-45 రోజులది ఉండాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. అంటే బంతి విత్తనం టమాటా కంటే 15-20 రోజులు ముందే పడాలన్నమాట.

మీ ఊళ్ళో పూల బేరం ఏ రోజు నుంచి ఊపందుకుంటుందో కనుక్కుని, మీ తేదీ మీరే లెక్కేసుకోండి.