లీవర్ రైఫిల్ రెండో పుట్టుక

1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ గుర్రమెక్కితే, తెలుగు ప్రేక్షకులు రాజస్థాన్ ఇసుకలోనే అమెరికా పడమటి సీమను చూసుకున్నారు. ఆ తర్వాత మనకు కౌబాయ్ అంటే టోపీ, గుర్రం, తుపాకీ. కౌబాయ్ లోకంలోని తుపాకుల్లో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ కింద వేలాడే ఇనుప పిడిని ముందుకు తోసి వెనక్కి లాగితే చాలు, ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపడుతుంది, కొత్త తూటా లోపలికి వచ్చి కూర్చుంటుంది, తూటాను పేల్చే సుత్తి దానంతటదే ఎక్కుపెట్టుకుంటుంది. ఈ యంత్రం అమెరికాలో పుట్టి, పెరిగి, పాతబడింది. వందేళ్ల తర్వాత ఇటలీలో, బ్రెజిల్‌లో, జపాన్‌లో మళ్లీ పుట్టింది.

మొదటి పుట్టుక వెనక చాలా ఓటములున్నాయి. సేఫ్టీపిన్ కనిపెట్టిన న్యూయార్క్ మనిషి వాల్టర్ హంట్, 1848లో సీసపు గుండు అడుగున గుంత తొలిచి అందులోనే మందు కూరాడు. 1849లో ఆ గుండ్లను వరసగా పేల్చే రైఫిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఊహ గొప్పదే కానీ రైఫిల్ పనిచేయలేదు. లూయిస్ జెన్నింగ్స్ దాన్ని కొంత సరిచేశాడు. తర్వాత హోరేస్ స్మిత్, డానియల్ వెసన్ చేతుల్లో మరికొంత మెరుగుపడింది. అయినా గుండు గుంతలో పట్టే మందు చాలక దెబ్బలో బలం ఉండేది కాదు. నష్టాల్లో ఉన్న ఆ వ్యాపారం చివరికి చొక్కాలు కుట్టించి అమ్మే ఆలివర్ వించెస్టర్ చేతికొచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో చిక్కుముడి విప్పాడు.

విప్పింది లీవర్‌తో కాదు, తూటాతో. హెన్రీ మందునూ గుండునూ కలిపి పల్చటి రాగి గుల్లలో బిగించాడు. పేలగానే ఆ గుల్ల ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుంటుంది, వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా అడ్డుపడుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి కొక్కెం దాన్ని సులువుగా బయటికి లాగేస్తుంది. వరసగా పేలే తుపాకులన్నిటికీ ఈ ఉబ్బి ముడుచుకునే గుణమే ప్రాణం. గొట్టం కింది నాళికలో 16 తూటాలు పట్టే ఆ హెన్రీ రైఫిళ్లు 1866 దాకా దాదాపు 14,000 తయారయ్యాయి.

ఇక లోపలి యంత్రం. ఇందులో గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టును వెనకనుంచి పట్టి ఉంచేది రెండేసి ఇనుప ముక్కల జంట. అది మన మోకాలు లాంటిది. కాలు నిటారుగా చాచి నిలబడ్డప్పుడు ఒంటి బరువంతా ఎముకల మీదుగా నేరుగా నేలకు దిగిపోతుంది, మోకాలు వంగదు. అలాగే లీవర్ మూసి ఉన్నప్పుడు ఆ ముక్కలు ఒకే గీతలో ఉంటాయి. పేలుడు తోపు నేరుగా చట్రంలోకి పోతుంది. లీవర్ తెరిస్తే కీలు వంగి బోల్టు వెనక్కి జరుగుతుంది. ఇత్తడి దిమ్మ ఒకటి కింది నాళికలోని తూటాను పైకెత్తి గొట్టం వెనక నిలబెడుతుంది.

1866లో నెల్సన్ కింగ్ చట్రం పక్కన చిన్న తలుపు పెట్టి, తూటాలు అక్కడినుంచే నింపే వీలు కల్పించాడు. ఆ ఏటి నుంచి రైఫిల్ పేరు వించెస్టర్ అయింది. 1873 నమూనాకు ఇనుప చట్రం, 44-40 అనే కొత్త తూటా వచ్చాయి. 44 అంటే గొట్టం వ్యాసం, అంగుళంలో నూరో వంతుల లెక్కన. 40 అంటే మందు బరువు, గ్రెయిన్లలో. మన కొలతలో రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. ఈ ఒక్క నమూనాయే 7 లక్షలకు పైగా తయారైంది.

కీలుకు ఒక హద్దుంది. తూటాను ఎత్తే దిమ్మ ఎంత పొడవుందో తూటా అంతకు మించకూడదు. ఒత్తిడి మరీ పెరిగితే సన్నటి ముక్కలు భరించడమూ కష్టమే. అందుకే తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ ఆ దారే వదిలేశాడు. 1886లో బోల్టుకు రెండు పక్కలా నిలువుగా పైకి లేచే ఇనుప పలకలతో తాళం వేశాడు. దాన్నే చిన్నది చేస్తే 1892 నమూనా వచ్చింది. 1870ల కథల్లోనూ హాలీవుడ్ నటుల చేతుల్లో తరచూ కనిపించేది ఈ 1892 రైఫిలే.

యుద్ధంలో లీవర్ రైఫిల్ సత్తా 1877లో ప్లెవ్నా ముట్టడిలో తేలింది. అక్కడ టర్కీ సైనికులు దూరానికి పీబాడీ-మార్టినీ, దగ్గరికి వించెస్టర్ వాడి రష్యన్ దళాలను చెదరగొట్టారు. అయినా పెద్ద సైన్యాలు దీన్ని అక్కున చేర్చుకోలేదు. బ్రిటిష్ వాళ్లు 1871లో తీసుకున్న మార్టినీ-హెన్రీకి కూడా లీవరే ఉంది గానీ ఒక్కో తూటా చేత్తో పెట్టాలి. అందులోని హెన్రీ వేరు, ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ హెన్రీ. మన దేశానికి ఎక్కువగా వచ్చిన లీవర్ రైఫిల్ ఈ మార్టినీ-హెన్రీయే. 1857 తర్వాత భారత సిపాయిలకు ఒక తరం పాత ఆయుధమే ఇవ్వాలన్నది తెల్లవాళ్ల విధానం కాబట్టి, అది కూడా ఆలస్యంగానే చేరింది. ఆ అవమానాన్ని మన సైనిక చరిత్ర రాసేవాళ్లు ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇక రెండో పుట్టుక సంగతి మా ఊరి నుంచే మొదలుపెడతాను. మా హిమాయత్‌నగర్ హైదరాబాద్ నగరం నడిబొడ్డున ఉన్నది కాదు. మొయినాబాద్ మండలంలో, చేవెళ్ల రోడ్డు మీది ఊరు. ఇక్కడినుంచి ఆబిడ్స్ పోతే గన్‌ఫౌండ్రీ వస్తుంది. 18వ శతాబ్దం చివర నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ తోపులు పోయించాడు. యూరప్ నమూనాను ఇక్కడి చేతులతో మళ్లీ తయారు చేయడం మనకు అప్పుడే తెలుసు. ఈ మధ్య డాలస్‌లో ఉంటున్న మా ఊరి పిల్లవాడొకడు ఫోన్‌లో అడిగాడు: “కాకా, పాత రకం లీవర్ రైఫిల్ కొందామనుకుంటున్న. ఊబెర్టీ తీసుకోవాల్నా, మిరోకు తీసుకోవాల్నా?” వాడు అక్కడి కౌబాయ్ గురి పోటీల్లో చేరాడు. కాలిఫోర్నియాలో 1980లలో మొదలైన ఈ ఆటలో పాత కాలపు దుస్తులు, పాత కాలపు తుపాకులే ఉండాలి.

రెండో పుట్టుక కథ ఆ ప్రశ్నలోనే ఉంది. ఇటలీలో బ్రెషా దగ్గర గార్డోనే వాల్ ట్రోంపియా అనే లోయ ఊరు శతాబ్దాలుగా తుపాకులకు పెట్టింది పేరు. అక్కడ అల్దో ఊబెర్టీ 1959లో సొంత కార్ఖానా పెట్టాడు. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండుతున్న సమయం అది. పాత కోల్ట్ రివాల్వర్ల నకళ్లకు గిరాకీ లేచింది. ఆ వెంటే ఇటలీ కౌబాయ్ సినిమాలు వచ్చాయి, రివాల్వర్ల తర్వాత రైఫిళ్ల నకళ్లూ వచ్చాయి. అదే లోయలో పెడర్సోలీ, బ్రెషా దగ్గరే కియాప్పా కూడా ఉన్నాయి. బ్రెజిల్‌లో రోసీ 1892 నమూనాను చేస్తుంది. ఇక వించెస్టర్ న్యూహేవెన్ కార్ఖానా 2006లో మూతపడింది. ఇవాళ ఆ పేరుతో వచ్చే లీవర్ రైఫిళ్లను జపాన్‌లోని కోచీలో మిరోకు తయారు చేస్తుంది. పేరు హక్కు ఒకచోట, రూపం మీద పట్టు ఇంకోచోట.

ఎవరూ నూటికి నూరుపాళ్లు నకలు చేయరు, చేయలేరు. హెన్రీ వాడిన, గుల్ల అంచు మీద కొడితే పేలే 44 రిమ్‌ఫైర్ తూటా 1930లలోనే ఆగిపోయింది. అందుకే ఊబెర్టీ వాళ్ల 1860, 1866 నమూనాలు 44-40కి, 45 కోల్ట్‌కు సరిపోయేలా మారాయి. పాత 45 కోల్ట్ గుల్లకు అంచు మరీ సన్నం, కొక్కేనికి పట్టు దొరకదు. కాబట్టి 19వ శతాబ్దపు వించెస్టర్ ఏదీ ఆ తూటాకు రాలేదు. ఇప్పుడు అత్యధికంగా అమ్ముడయ్యే వాటిలో అదొకటి! మిరోకు 1892కు మడమ మెడ మీద జారుడు సేఫ్టీ ఉంటుంది, పాతదానికి లేదు. రోసీ కూడా బోల్టు మీద ఒక సేఫ్టీ మీట పెట్టింది.

నేను వాడికి చెప్పింది ఇది. పోటీలో వేగం కావాలంటే 1873, అదీ ఊబెర్టీది. ఆ కీలు కదలిక నునుపు మరే యంత్రానికీ లేదు, లీవర్ తిరిగే దూరం తగ్గించే విడిభాగాలూ దొరుకుతాయి. గట్టి తూటాలు కాల్చాలంటే 1892కే పోవాలి. 44-40 ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 11,000 పౌండ్లు, 44 మాగ్నమ్‌ది 36,000. మరి 35,000 పౌండ్ల 357 మాగ్నమ్‌ను 1873 కీలుతో ఎలా అమ్ముతున్నారని వాడు ఎదురడిగాడు. మంచి ప్రశ్న. బోల్టును వెనక్కి తోసే బలం ఒత్తిడి మీదే కాదు, గుల్ల వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది. 357 గుల్ల సన్నం, పైగా ఇప్పటి ఉక్కు పాత ఇనుము కాదు. పనితనంలో మిరోకు మిన్న అని నా అభిప్రాయం. కలప, ఉక్కు కలిసే చోట సందు కనబడదు. రోసీ ధర తక్కువ, కానీ కొనేముందు లీవర్ పదిసార్లు ఆడించి చూడాలి.

ఇదంతా డాలస్‌కు వర్తిస్తుంది. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత కాలపు ఆయుధానికి మినహాయింపు ఉంది, కానీ బాగుచేసినా చేయకున్నా తుపాకీగా పనికిరాని దానికే. నిన్న గార్డోనేలో తయారైనది ఎంత పాత రూపంలో ఉన్నా పేలుతుంది కాబట్టి లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. హిమాయత్‌నగర్‌లో ఎవరైనా నన్ను అడిగితే కొనే మాట ఎత్తను. పుస్తకాల్లో కోత బొమ్మలు చూసి ఆ కీలు ఎలా వంగుతుందో కాగితం మీద గీసుకోమంటాను. నేను నేర్చుకున్నది అలాగే.