గీత మన నడుమకు వచ్చిన కథ

ప్రతి సంవత్సరమును ఎవరో యొక విద్యార్థి నన్నీ ప్రశ్న అడుగుచుండును: "అయ్యా, కర్ణాటకములో నున్న మనము తెలుగేల మాటలాడుచున్నాము? మన పెద్దలు ఆంధ్రదేశమునుండి వలస వచ్చిరా?" తల్లిదండ్రులలో కొందరికిని ఈ సందేహము కలదు. కొన్ని కుటుంబములు వలస వచ్చి యుండవచ్చును. కాని చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగువారిని గూర్చి మొత్తము మీద చెప్పవలసినచో, మనుష్యులు గీత దాటి వచ్చుటకంటె గీతయే మనుష్యుల నడుమకు వచ్చినదనుట సత్యమునకు దగ్గర.

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. విజేతలు అతని రాజ్యమును పంచుకొనిరి. గుత్తి, గుర్రంకొండ సీమలు నిజామునకు చెందెను. కోలారు, చిక్కబళ్ళాపురము మొదలగునవి బాలరాజైన మూడవ కృష్ణరాజ ఒడయరు పాలికి మిగిలెను. 1800లో నిజాము తన భాగమును కంపెనీ సైన్యపు ఖర్చుల నిమిత్తము ఆంగ్లేయులకు ఇచ్చివేసెను. అవియే దత్తమండలములు. వానిలో అధికభాగమునకు 1928లో రాయలసీమ యను పేరు వచ్చినది.

పంచుకొన్నవారు చూచినది భాషను కాదు, కోటలను, ఆదాయమును. ఏ సీమ ఎన్ని వరహాలు తెచ్చునో సంధిపత్రపు పట్టికలలో వ్రాసికొనిరి. అచటి రైతు ఏ భాషలో మాటలాడునో ఎవరును వ్రాయలేదు. చింతామణి తాలూకాలోని కైవారమున నారేయణ యోగీంద్రులు తెలుగున కీర్తనలు పాడిన కాలమదియే. గీత పడకముందే ఇచట తెలుగున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

గీతకు రెండు ప్రక్కల రెండు పాలనలు పెరిగెను. అవతల దత్తమండలములు మద్రాసు రాజధానిలో చేరెను. 1800 మొదలు 1807 వరకు థామస్ మన్రో అచట ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఇవతల 1831లో ఆంగ్లేయులు రాజు చేతినుండి పాలనను తీసికొని కమిషనర్ల కప్పగించిరి. నందికొండమీద బంగళా గల కబ్బన్ దొర 1834 మొదలు 1861 వరకు కమిషనరు. ఆయన తరువాత వచ్చిన బౌరింగు కాలమున కోలారు జిల్లా నందిదుర్గము డివిజనులో చేరెను. 1881 మార్చి 25న రాజ్యము మరల ఒడయర్లకు దక్కెను.

ఆ ఏబది సంవత్సరములు రెండు ప్రక్కలను ఏలినది ఆంగ్లేయులే. అయినను గీత చెరగలేదు. ఏలయన, మైసూరు పాలన రాజు పేరిట గవర్నరు జనరలు క్రింద నడచెను గాని మద్రాసు గవర్నరు క్రింద కాదు. అందువలన ఒకే పనికి రెండు పేర్లు వచ్చినవి. మదనపల్లెలో తహసీల్దారు, చింతామణిలో అమల్దారు. అచట రెడ్డి, కరణము; ఇచట పటేలు, శానుభోగు. భూమి సర్వే కూడ ఇచట బొంబాయి పద్ధతి ననుసరించెను.

నేను ఉపాధ్యాయ శిక్షణకై సరిహద్దు దాటి పోయినపుడు మా జిల్లాకు డెప్యుటీ కమిషనరు పెద్ద అంటిని. తోడివారు నవ్వి, "డెప్యుటీ సరే, అసలు పెద్ద ఎవరు?" అనిరి. కలెక్టరు చేయు పనినే ఆయనయు చేయునని నమ్మించుటకు నాకు చాలసేపు పట్టినది. ఆ పదవి పేరు కమిషను కాలపు వాసన, నేటికిని పోలేదు.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును మన తాలూకాలు మైసూరులోనే యుండెను. కోలారు జిల్లాలో తెలుగువారు అధికులైనను, అది మైసూరులోనే యుండుట మేలని 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము తలచెను. రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమను పేరు వచ్చినది. 2007లో కోలారునుండి చిక్కబళ్ళాపురము జిల్లా వేరైనది. ఇన్ని మార్పులలోను 1799 నాటి గీత మన ప్రక్కన ఇంచుమించు అట్లే నిలిచినది.

విద్యార్థులారా! మీ ఇండ్లలో పాత పట్టాలు, శిస్తు రశీదులు ఉన్నచో పెద్దల అనుమతితో తీసి చూడుడు. అమల్దారు, శానుభోగు అను మాటలు కనబడినచో నా కొకసారి చూపుడు. కన్నడము మన రాష్ట్రభాష. దానిని శ్రద్ధతో నేర్వుడు. తెలుగు మన ఇంటిభాష, దానికై సిగ్గుపడకుడు. "మీరెక్కడినుండి వచ్చితిరి?" అని ఎవరైన అడిగినచో, "మేమిచటనే యుంటిమి" అని నెమ్మదిగా చెప్పుడు.